అమ్ముకున్నవే మిగిలాయి

1627 క్రిస్మస్ రోజులవి. మాంటువా రాజప్రాసాదంలో ఒకే కప్పు కింద ఒక చావూ, ఒక పెళ్ళీ నడుస్తున్నాయి. లోపలి గదిలో డ్యూక్ రెండో విన్చెంజో ఆఖరి ఘడియల్లో ఉన్నాడు. 33 ఏళ్ళవాడు. గద్దెకు పనికొచ్చే బిడ్డ ఒక్కడూ లేడు. అవతల ఆయన అన్న కూతురు మరియాను, ఫ్రాన్సులో స్థిరపడిన దాయాదుల కుర్రాడు షార్ల్‌కు ఆదరాబాదరాగా కట్టబెడుతున్నారు. ఆ పిల్లకు 18 ఏళ్ళు. ముహూర్తం పెట్టింది వైద్యులేననుకోవాలి. డ్యూక్ కన్ను మూసేలోగా మూడు ముళ్ళూ పడితే సింహాసనం గొంజాగాల ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే మాడ్రిడ్, వియన్నా, తూరిన్‌లలో కాచుక్కూర్చున్న గద్దలు వాలిపోతాయి. పెళ్ళి అయింది. గద్దలు ఎలాగూ వాలాయి.

ఆ వంశం మాంటువాను ఏలడం మొదలై అప్పటికి మూడు వందల ఏళ్ళు కావడానికి కొన్ని నెలలే తక్కువ.

పో నదికి ఉపనది మించో. అది మాంటువా దగ్గర వెడల్పై, సరస్సులుగా మారి ఊరిని చుట్టుకుంటుంది. రోమన్ మహాకవి వర్జిల్ పుట్టిన సీమ అది. ఇప్పుడు వేసవిలో ఎగువ సరస్సు నిండా మన తామరలు పూస్తాయి గానీ అవి గత శతాబ్దంలో తెచ్చి నాటినవి, గొంజాగాలు వాటిని ఎరగరు. వాళ్ళకు ఆ నీళ్ళు ఇచ్చినవి రెండే: శత్రువుకు అందని ఊరు, ఏటేటా చిత్తడి జ్వరాలు.

గొంజాగాలు పుట్టు రాజులు కారు, భూములున్న మోతుబరులు. 1328 ఆగస్టు 16న లుయీజీ గొంజాగా, కొడుకులను వెంటబెట్టుకుని, వెరోనా ప్రభువు అండతో ఊళ్ళో తిరుగుబాటు లేవదీశాడు. అప్పటిదాకా తమకు దొరగా ఉన్న పస్సెరీనో బొనకోల్సి ఆ గొడవలో చచ్చాడు. చచ్చినవాణ్ణి మట్టికి ఇవ్వలేదు. శవాన్ని ఎండబెట్టి దాచుకున్నారు. తర్వాతి రోజుల్లో రాజుల వింత వస్తువుల గదిలో, గడ్డి కూరిన నీటిగుర్రం వీపు మీద దాన్ని కూర్చోబెట్టారు. ఆ శవం ఇంట్లో ఉన్నన్నాళ్ళే గొంజాగాలకు రాజ్యమని ఒక జోస్యం ఉండేదనీ, చివరికి ఒక రాణి రోత పుట్టి దాన్ని నీళ్ళలో పారేయించిందనీ, ఆ తర్వాతే కొంప మునిగిందనీ మాంటువాలో చెప్పుకుంటారు. కథ బాగుంది. కొంప మునగడానికి కారణాలు మాత్రం వేరే ఉన్నాయి. అవి శవం కన్నా మామూలువి, మన సంస్థానాల చరిత్ర చదివినవారికి బాగా పరిచయమైనవి.

రాజ్యం చిన్నది. ఒక పక్క మిలాను, ఇంకో పక్క వెనిస్. ఈ రెండింటి మధ్య నలగకుండా బతకడానికి గొంజాగాలు ఎంచుకున్న వృత్తి యుద్ధం. అదీ జీతానికి. కొన్నాళ్ళు వెనిస్ సేనలకు నాయకత్వం, కొన్నాళ్ళు మిలాను కొలువు. ఎవరు ఎక్కువిస్తే వారి జెండా. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, ఆనాటి ఇటలీలో సగం దొరల బతుకుతెరువు అదే. ఆ జీతం డబ్బుతోనే మేడలు లేచాయి, గుర్రపుశాలలు నిండాయి. 1433లో చక్రవర్తి సిగిస్మండ్ వాళ్ళను మార్క్విస్‌లను చేశాడు. 1530లో ఐదో చార్లెస్ చక్రవర్తి డ్యూక్‌లను చేశాడు. ఈ రెండు తేదీల మధ్య వందేళ్ళే నా లెక్కలో వాళ్ళ అసలు వైభవం. రూపాయి ఎక్కడి నుంచి వస్తోందో తెలిసినవాళ్ళు ఖర్చు పెట్టిన కాలం అది.

ఆ కాలాన్ని చూడాలంటే ఇప్పటికీ ఒక గది ఉంది. 1459లో పోప్ రెండో పయస్ తుర్కుల మీద దండయాత్ర కోసం రాజులందరినీ మాంటువాకు పిలిచాడు. వచ్చిన పెద్దలు బురదనూ జ్వరాలనూ కప్పల బెకబెకలనూ తిట్టుకుని పోయారు. ఆ మాటలు మార్క్విస్ లుదొవీకోకు గుచ్చుకున్నట్టున్నాయి. ఊరిని తిరగతోడి కట్టడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడే మాంతెన్యా అనే చిత్రకారుణ్ణి కొలువులోకి తెచ్చుకున్నాడు. కోట బురుజులోని ఒక చదరపు గది గోడలమీద మాంతెన్యా ఏళ్ళ తరబడి పనిచేసి 1474లో ముగించాడు. అందులో దేవుళ్ళు లేరు, యుద్ధాలు లేవు. గొంజాగాల ఇల్లు ఉంది. లుదొవీకో చేతిలో ఒక ఉత్తరం పట్టుకుని, పక్కకు తిరిగి కార్యదర్శితో ఏదో అంటున్నాడు. కుర్చీ కింద ముసలి కుక్క పడుకుని ఉంది. భార్య బార్బరా బొద్దుగా, గంభీరంగా కూర్చుంది. చుట్టూ కొడుకులు, కూతుళ్ళు, కొలువులోని ఒక మరుగుజ్జు స్త్రీ. ఎవరినీ అందంగా చూపాలన్న యావ చిత్రకారుడికి లేదు, చూపించుకోవాలన్న తాపత్రయం వాళ్ళకూ లేదు. ఆ ఇంట్లో తరతరాలుగా గూని ఉండేది. మాలటెస్టాల ఇంటి నుంచి వచ్చిన కోడలితో వచ్చిందని చెప్పుకునేవారు. తల పైకెత్తితే కప్పులో ఒక గుండ్రటి కంత తెరిచినట్టు ఆకాశం, అంచు మీది నుంచి తొంగిచూసి నవ్వే ఆడవాళ్ళు, ఒక నెమలి. కంతా లేదు, ఆకాశమూ లేదు. అంతా రంగే.

గది గోడమీద బొమ్మ వేయించుకోవడం ఖర్చు పనే. కానీ దానికి ఒక గుణం ఉంది. ఎవరూ మూటగట్టుకుపోలేరు.

లుదొవీకో మనవడి తరంలో ఇంటికి వచ్చిన కోడలు ఇసబెల్లా దెస్తే. 1490లో ఫెర్రారా నుంచి 15 ఏళ్ళ వయసులో వచ్చింది. మొగుడు ఫ్రాంచెస్కోకు గుర్రాలూ యుద్ధాలూ లోకం. 1509లో ఆయన వెనిస్ వాళ్ళకు పట్టుబడి చెరలో ఉంటే రాజ్యాన్ని ఆమే నడిపింది. ఆమె ఉత్తరాలు వేల సంఖ్యలో మాంటువా దస్తరాల్లో నిలిచి ఉన్నాయి. వాటిలో రాయబారాలతో పాటు బేరాలూ ఉంటాయి. పాత రోమన్ విగ్రహాలంటే ఆమెకు ఆకలి. 1506లో ముసలి మాంతెన్యా అప్పుల్లో కూరుకుపోయి, తను ప్రాణంలా చూసుకునే ఫౌస్తీనా రాణి పాలరాతి విగ్రహాన్ని ఆమెకు అమ్మజూపాడు. అడిగింది 100 డకట్లు. ఆ ఇంటికి నలభై ఏళ్ళకు పైగా రంగులద్దిన మనిషి అతను. ఆమె బేరమాడింది, ఆలస్యం చేసింది, చివరికి విగ్రహం ఆమెకే దక్కింది. ఆ సెప్టెంబరులో మాంతెన్యా పోయాడు. ఇసబెల్లాను కళాపోషకురాలని కొనియాడే పుస్తకాలు చాలా ఉన్నాయి, తప్పు కాదు. నాకు మాత్రం ఆ బేరం గుర్తుకొస్తూనే ఉంటుంది. ఇబ్బందిలో ఉన్నవాడి దగ్గర వస్తువు చవగ్గా వస్తుందని ఆ ఇల్లు అప్పటికే నేర్చుకుంది. ఆ సూత్రం అటు తిరిగి తమ గుమ్మంలోకే వస్తుందని మాత్రం అనుకోలేదు.

కొడుకు ఫెదెరీకో డ్యూక్ అయ్యాడు. ఊరి వెలుపల జూలియో రొమానో చేత పలాత్సో తే అనే విహార భవనం కట్టించాడు. అక్కడ ఒక గదిలో రాక్షసుల మీద కొండలూ స్తంభాలూ కూలిపడుతున్నట్టు నాలుగు గోడలూ, కప్పూ కలిపి గీయించాడు. నిలబడి చూసేవాళ్ళకు తమ మీదే కూలుతున్నట్టుంటుంది. 1531లో మొంఫెర్రాతో సీమ వారసురాలు మార్గెరీతాను పెళ్ళాడాడు, అయిదేళ్ళకు ఆ సీమ చేతికొచ్చింది. మాంటువాకు ఎక్కడో దూరాన, మధ్యలో మిలాను అడ్డంగా, కసాలే కోట అనే తాళంచెవితో. మిలాను ఏలే స్పెయిన్‌కు అది కావాలి, ఆల్ప్స్ దాటి రావాలనుకునే ఫ్రాన్సుకు కావాలి, పక్కనే ఉన్న సవోయ్ దొరకూ కావాలి. కట్నంగా వచ్చిన ఆ నేలే తర్వాత మెడకు చుట్టుకుంది.

గుల్యెల్మో డ్యూక్ గూనివాడు, భక్తుడు, పైసా పైసా కూడబెట్టినవాడు. ఖజానా నింపి పోయాడు. నింపింది ఎవరికోసమో 1587లో తెలిసింది.

మొదటి విన్చెంజో పాతికేళ్ళకు గద్దెనెక్కాడు. అందగాడు, చెయ్యి వెనక్కి తీయనివాడు. పాతికేళ్ళు ఏలాడు, పాతికేళ్ళూ పండగే. హంగరీలో తుర్కుల మీదికి పటాలాలతో వెళ్ళాడు, వెంట గాయకులనూ తీసుకెళ్ళాడు. పిచ్చాసుపత్రిలో బంధించి ఉన్న కవి తాస్సోను విడిపించి తెచ్చాడు. రూబెన్స్ ఆయన కొలువులో చిత్రకారుడు. కారవాజ్జో గీసిన మేరీమాత మరణ చిత్రాన్ని రోమ్‌లో చర్చివాళ్ళు కాదని తిప్పికొడితే, 1607లో రూబెన్స్ సలహా మీద డ్యూక్ కొన్నాడు. మాంటువాకు పంపే ముందు రోమ్ చిత్రకారులంతా చూడ్డానికి దాన్ని వారం రోజులు ప్రదర్శనకు పెట్టాల్సి వచ్చింది. అదే ఏడు ఫిబ్రవరిలో మొంతెవెర్ది స్వరపరచిన 'ఓర్ఫెయో' మాంటువా మేడలోని ఒక ఇరుకు గదిలో మొదటిసారి వినిపించింది. ఒపెరా చరిత్ర రాసేవారు ఆ రాత్రిని తప్పించుకు పోలేరు.

ఆ మొంతెవెర్ది ఉత్తరాలు కూడా ఉన్నాయి. చేయించుకున్న పనికీ ఇచ్చిన డబ్బుకూ పొంతన లేదని, ఆ ఊరి గాలి పడక ఆరోగ్యం పోయిందని రాసుకున్నాడు. ఓర్ఫెయో ఏడాదే భార్య పోయింది. మరుసటి ఏడు పెద్ద రాకుమారుడి పెళ్ళికి 'అరియాన్నా' సిద్ధం చేస్తుంటే, నాయిక పాత్రకు తయారుచేసుకున్న చిన్నపిల్ల మశూచికంతో చనిపోయింది. ఆట ఆగలేదు, ఇంకొకరు పాడారు, విన్నవాళ్ళు ఏడ్చారు. అరియాన్నా సంగీతంలో ఇప్పుడు మనకు దక్కింది ఆ ఏడుపు పాట ఒక్కటే. తక్కినదంతా పోయింది.

ఇదే కాలంలో ఈ వంశానికే చెందిన కస్తిల్యోనే శాఖలో ఒక కుర్రాడు, పెద్దకొడుకు హక్కును తమ్ముడికి రాసిచ్చి జెస్యూట్లలో చేరాడు. 1591లో రోమ్‌లో రోగులకు సేవ చేస్తూ జబ్బు సోకి 23 ఏళ్ళకే పోయాడు. పేరు లుయీజీ గొంజాగా, లాటిన్‌లో అలోషియస్. విశాఖపట్నం పాత ఊళ్ళో సెయింట్ అలోషియస్ బడి బోర్డు మీద ఉన్నది ఆయన పేరే. డ్యూక్‌ల పేర్లు మన దాకా రాలేదు.

1612 ఫిబ్రవరిలో విన్చెంజో పోయాడు. అప్పులూ బొమ్మలూ మిగిల్చాడు. ముగ్గురు కొడుకులున్న ఇల్లు కదా, వారసుడికి లోటేమిటని ఎవరైనా అనుకుంటారు. పెద్దవాడు ఫ్రాంచెస్కో రాగానే పొదుపని మొంతెవెర్దిని కొలువులోంచి తీసేశాడు. ఆయన వెనిస్ వెళ్ళి సెయింట్ మార్క్ చర్చి సంగీతానికి పెద్దయి, జీవితాంతం అక్కడే గౌరవంగా బతికాడు. తీసేసినవాడు ఆ డిసెంబరులోనే మశూచికంతో పోయాడు. పసివాడైన కొడుకు అప్పటికే పోయాడు, మిగిలింది మూడేళ్ళ మరియా.

రెండోవాడు ఫెర్దినాందో కార్డినల్. ఆ ఎర్ర టోపీ తీసేసి గద్దెనెక్కాడు. చదువుకున్నవాడు, మంచి రసికుడు. కమిల్లా ఫా అనే కొలువులోని అమ్మాయిని 1616లో గుట్టుగా పెళ్ళాడాడు, కొడుకు పుట్టాడు. కానీ రాజ్యానికి పెద్దింటి సంబంధం కావలసివచ్చింది. ఫ్లారెన్స్ ఏలే మెదిచీల ఆడపడుచు కోసం ఆ పెళ్ళి చెల్లదనిపించాడు. కమిల్లాను ఫెర్రారాలో సన్యాసినుల మఠంలోకి నెట్టారు. అక్కడ మఠం పెద్ద అడిగితే ఆమె తన కథ రాసింది. ఇటలీలో ఆడవారు రాసుకున్న తొలి ఆత్మకథల్లో అదొకటి. ఎక్కడా శాపనార్థాలు ఉండవు, జరిగింది జరిగినట్టు చెప్పుకుపోతుంది. తల్లి ఉసురు అనే మాట మనం పెట్టుకుంటాం గానీ, ఇక్కడ ఉసురు కన్నా పచ్చి నిజం ఒకటుంది. కమిల్లా బిడ్డను వారసుడని ఒప్పుకుని ఉంటే ఆ వంశానికి ఒక మగపిల్లవాడు ఉండేవాడు. మెదిచీ రాణికి పిల్లలు పుట్టలేదు. 1626లో ఫెర్దినాందో పోయాడు.

మూడోవాడే మొదట చెప్పిన రెండో విన్చెంజో. ఈయనా కార్డినలే. తనకన్నా వయసులో పెద్దదైన బంధువుల విధవరాలిని చేసుకుని, కొన్నాళ్ళకే వదిలించుకోవాలని ఆమె మంత్రగత్తె అని నింద వేశాడు. రోమ్‌లో విచారణలో ఆమె నిర్దోషిగా బయటపడింది. పెళ్ళి రద్దు కాలేదు, వారసుడూ రాలేదు. ఆయన ఏలిన పద్నాలుగు నెలల్లో గుర్తుంచుకోవలసిన పని ఒక్కటే: బొమ్మలు అమ్మాడు.

బేరం నడిపింది వెనిస్‌లో ఉన్న దానియల్ నిస్ అనే వర్తకుడు. కొన్నది ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్. తిషన్, రాఫెల్, కొర్రెజ్జో, కారవాజ్జో, మాంతెన్యా. నాలుగు తరాలు ఏరి ఏరి తెచ్చినవన్నీ మూటలు కట్టారు. సంగతి పొక్కగానే మాంటువా జనం గగ్గోలు పెట్టారని, తిరిగి దక్కేటట్టయితే డ్యూక్ రెట్టింపు ఇస్తాడని చెప్పుకుంటున్నారని నిస్ స్వయంగా రాశాడు. ఊరివాళ్ళలో చాలామంది ఆ బొమ్మలను కళ్ళతో చూసి కూడా ఉండరు. అయినా ఆ ఇంటి పరువు తమదే అనుకున్నారు. అక్కడ లండన్‌లో రాజుగారి షరాబు బుర్లమాకి తల పట్టుకున్నాడు. ఫ్రాన్సు తీరంలో ఇంగ్లిషు సేనలు తిండికి అల్లాడుతుంటే బొమ్మలకు డబ్బెక్కడి నుంచి తేవాలని అతని బాధ. 'మార్గరెట్' అనే ఓడలో వెళ్ళిన చిత్రాలు కొన్ని, తోటి సరుకైన పాదరసం సోకి నల్లబడ్డాయి.

క్రిస్మస్ నాటి పెళ్ళితో ఫ్రెంచి శాఖ పెద్ద, మరియాకు మామ అయిన నెవేర్ డ్యూక్ గద్దెనెక్కాడు. ఆయనకూ డబ్బు కావాలి. మిగిలిన సరుకు, మాంతెన్యా గీసిన తొమ్మిది భారీ 'సీజర్ విజయయాత్ర' తెరలతో సహా, ఆయన కాలంలో నిస్ చేతికి పోయింది. ఇంతలో యుద్ధం రానే వచ్చింది. ఫ్రాన్సు నుంచి వచ్చినవాడు మాంటువాలో ఉండడానికి స్పెయిన్ ఒప్పుకోలేదు. చక్రవర్తి రెండో ఫెర్దినాండ్, అది తన కింది జాగీరు కాబట్టి తన తీర్పు కావాలన్నాడు. ఆ చక్రవర్తి భార్య ఎవరనుకున్నారు? ఎలెయొనోరా గొంజాగా, పోయిన ముగ్గురు డ్యూక్‌ల చెల్లెలు. పుట్టింటి మీదికి మొగుడి సైన్యం కదిలింది.

1629లో ఆల్ప్స్ దాటి వచ్చిన జర్మన్ పటాలాలు వెంట ప్లేగును తెచ్చాయి. మిలానులో ఆ మహమ్మారి చేసిన బీభత్సమే తర్వాత మాంజోనీ ప్రసిద్ధ నవలకు వస్తువైంది. మాంటువాలో ముట్టడి, ఆకలి, రోగం కలిసికట్టుగా వచ్చాయి. వెనిస్ పంపిన సాయం 1630 మేలో దారిలోనే దెబ్బతిని పారిపోయింది. జూలై 18న కోట పడింది. అప్పటికి కాపలా కాసేందుకు నిలబడగలిగినవాళ్ళు కొన్ని వందలమందే. మూడు రోజులు దోపిడీ. ప్రాసాదంలో మిగిలిన వెండి, తివాచీలు, పుస్తకాలు, అద్దాలు ఏవీ వదల్లేదు. ఇసబెల్లా అపురూపంగా దాచుకున్న పురాతన గోమేధికపు పాత్ర ఒక సిపాయి చేతికి చిక్కింది, ఒక జర్మన్ దొర అతని దగ్గర కొన్నాడు. ఇప్పుడది బ్రౌన్ష్వైగ్ మ్యూజియంలో ఉంది. యూదులను ఉన్నపళంగా ఊరి నుంచి వెళ్ళగొట్టారు. మొంతెవెర్దితో కలిసి అదే కొలువులో వాయించిన యూదు సంగీతకారుడు సలమోనే రోస్సీ జాడ 1628 తర్వాత ఎక్కడా కనబడదు. ముప్ఫై వేల దాకా ఉన్న జనంలో మిగిలింది నాలుగో వంతు. మఠంలో ఉన్న కమిల్లా కొడుకు కూడా ఆ ఏడు ప్లేగులోనే పోయాడు.

ఇక్కడే ఈ కథ నన్ను ఆపుతుంది. వంశానికి తలవంపులు తెచ్చిందని అందరూ తిట్టిన ఆ అమ్మకం జరగకపోయి ఉంటే, తిషన్ తెరలు 1630 జూలైలో గుర్రాల కింద పరుపులై ఉండేవి. అమ్ముకున్నవే మిగిలాయి. దాచుకున్నవి పోయాయి. అమ్మినవాడు దూరదృష్టితో అమ్మలేదు, అప్పుల బాధతో అమ్మాడు. ఆ పుణ్యం ఆయన ఖాతాలో వేయలేం. కొన్నవాడికీ అవి అచ్చిరాలేదు. 1649లో చార్లెస్ తల తెగింది, సొత్తు వేలానికి వచ్చింది. కారవాజ్జో మేరీమాత, తిషన్ క్రీస్తు శవయాత్ర ఇప్పుడు పారిస్ లూవ్ర్‌లో ఉన్నాయి. రాఫెల్ బొమ్మ ఒకటి మాడ్రిడ్‌లో ఉంది. సీజర్ విజయయాత్రను మాత్రం రాజు తర్వాత ఇంగ్లండును ఏలిన క్రామ్‌వెల్ అమ్మనివ్వలేదు, అది ఇంగ్లండులోనే హాంప్టన్ కోర్టులో ఉంది. మాంటువాలో నిలిచింది గోడలమీదిది. బురుజు గదిలో లుదొవీకో, బార్బరా, కుర్చీ కింద కుక్క. సిపాయిలకు గోడ పనికిరాలేదు.

1631 సంధితో నెవేర్ డ్యూక్ తిరిగొచ్చాడు. మొంఫెర్రాతోలో ఒక ముక్క సవోయ్ కోసుకుపోయింది. వచ్చిన కొద్ది నెలల తేడాలో ఆయన ఇద్దరు కొడుకులూ పోయారు. మళ్ళీ వంశమంతా ఒక పసిబిడ్డ మీద నిలబడింది. నాటి పెళ్ళికూతురు మరియా, ఇప్పుడు వితంతువు, మామ కూడా పోయాక ఆ బిడ్డ పెరిగేదాకా రాజ్యం చూసింది. చిత్రమేమిటంటే ఆ మూడు తరాల్లో రాజ్యాన్ని రాజ్యంలా చూసింది ఆమె ఒక్కతే. కొడుకు రెండో కార్లో ఫ్రాన్సులోని పూర్వీకుల నెవేర్ జాగీరును 1659లో ఫ్రాన్సు మంత్రి మజరిన్‌కు అమ్మేశాడు.

ఆయన కొడుకు ఫెర్దినాందో కార్లో ఆఖరివాడు. 13 ఏళ్ళకు డ్యూక్ అయ్యాడు. మాంటువాలో కన్నా వెనిస్ కార్నివాల్‌లో ఎక్కువ కనబడేవాడు. బొమ్మలు లేవు కాబట్టి కోటలు అమ్మాడు. కసాలేను పద్నాలుగో లూయీకి అమ్మే రహస్య బేరం ఒకసారి బయటపడింది. మధ్యవర్తి మత్తియోలి దాన్ని పరులకు చెప్పేశాడు, 1679లో ఫ్రెంచివాళ్ళు అతన్ని ఎత్తుకుపోయి చెరలో వేశారు. ఇనుప ముసుగు ఖైదీ అతనేనని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1681లో బేరం కుదిరి కసాలే ఫ్రాన్సుకు పోయింది.

1701లో స్పెయిన్ వారసత్వ యుద్ధం మొదలవగానే డ్యూక్ మాంటువా తలుపులు ఫ్రెంచి సేనలకు తెరిచాడు. తాను ఎవరి జాగీరుదారో ఆ చక్రవర్తికి ఎదురు తిరిగినట్టే అది. 1706లో తూరిన్ దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. మరుసటి జనవరిలో డ్యూక్, మిగిలిన బొమ్మలు వెంటబెట్టుకుని వెనిస్ చేరాడు. ఆ సరస్సుల ఊరిని మళ్ళీ చూడలేదు. 1708 జూన్ 30న రెగెన్స్‌బర్గ్‌లో సామ్రాజ్య సభ ఆయన్ను రాజద్రోహి అని తీర్మానించి రాజ్యం లాగేసుకున్నారు. జూలై 5న పాదువాలో చనిపోయాడు. విషం పెట్టారని పుకారు పుట్టింది. రెండు పెళ్ళిళ్ళకూ సంతానం లేదు. వెంట తెచ్చుకున్న బొమ్మలు చేతులు మారుతూ పోయాయి.

మొంఫెర్రాతో సవోయ్‌కి, మాంటువా ఆస్ట్రియాకు. గ్వాస్తల్లాలో ఉన్న దాయాదులు మాంటువా తమకు రావాలని చక్రవర్తిని అడిగారు, వాళ్ళకు దక్కలేదు. 1746లో గ్వాస్తల్లా డ్యూక్ కూడా పిల్లలు లేకుండానే పోయాడు. వెస్కొవాతో శాఖవాళ్ళు మాత్రం ఇంటిపేరు నిలుపుకున్నారు. వాళ్ళకు ఏలుకోవడానికి ఊరేమీ మిగల్లేదు.